మాయామాళవగౌళతోనే మొదలెందుకు? సంగీత ప్రథమాభ్యాసంపై ఒక విమర్శ

మేమెరిగిన ప్రవాస తెలుగు గృహాలలో వేమన పద్యాలు నాలుగు అప్పజెప్పలేని పిల్లలు సైతం సరళీస్వరాలను మూడు కాలాలలో తడుముకోకుండా పాడతారు. ఆ లెక్కన సంగీత ప్రథమాభ్యాసం మన పిల్లలు మొదటినుంచి చివరిదాకా చదివే అతికొద్ది తెలుగు గ్రంథాలలో ఒకటి. అయినా దానిని ఒక గ్రంథంగా భావించి, ఏ పాఠం ముందు, ఏ పాఠం వెనుక, ఎందుకు అని విచారించినవారు అరుదు. కవిత్వాన్ని విమర్శిస్తాము, కథలను విమర్శిస్తాము. పిల్లల చేత నెలల తరబడి వల్లెవేయించే ఈ పాఠక్రమాన్ని మాత్రం ప్రశ్నించకుండా చేతికిస్తాము. ఈ వ్యాసంలో ఆ పని చేయాలని మా ప్రయత్నం.

మేము సౌదీ అరేబియాలో ఉద్యోగరీత్యా నివసించే తెలుగు తల్లిదండ్రులము. జెడ్డా, రియాద్, దమ్మామ్, జుబైల్ నగరాలలో మన పిల్లలకు సంగీతం ఇంట్లోనే, చాలావరకు తెర మీదనే అందుతుంది. గుడి మంటపంలో జరిగే కచేరీ, పండుగనాటి గోష్ఠిగానం, పక్కింటి వీణ చెవిన పడే వాతావరణం ఇక్కడ లేదు. కనుక ఈ పాఠ్యగ్రంథంలోని బలమూ లోపమూ మాకు ఇతరులకన్న స్పష్టంగా కనిపిస్తున్నవి. మా అభిప్రాయం మొదటే చెబుతాము. పాఠాల క్రమం గొప్పది. దానికి మనం తోడుచేసే వివరణ బీదది. స్వరాన్ని చెవికి అందించకముందే పేరును నోటికి అందిస్తున్నాము.

గ్రంథ స్వరూపం

సరళీస్వరాలు, జంటస్వరాలు, దాటుస్వరాలు, హెచ్చుస్థాయి, తగ్గుస్థాయి స్వరాలు, అలంకారాలు, ఆపైన గీతాలు. ఇది మనందరికీ తెలిసిన వరుస. దీనిని 16వ శతాబ్దపు వాగ్గేయకారుడు పురందరదాసు ఏర్పరచినట్లు సంప్రదాయం చెబుతుంది. అచ్చు పుస్తకాల కాలం వచ్చాక ఈ విద్యను లిఖితరూపంలో నిలిపినవారిలో అగ్రగణ్యుడు సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలస్వామి దీక్షితులకు ఆయన దత్తుడు. తమిళదేశంలోని ఎట్టయపురంలో ఉండి 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో ప్రకటించాడు. మరుసటి ఏడు ప్రారంభదశలోని విద్యార్థుల కోసం ప్రథమాభ్యాస పుస్తకము వెలువరించాడు. అంతటి మహాగ్రంథం పూర్తిచేసిన వృద్ధ విద్వాంసుడు వెంటనే పసివారి పాఠాల వైపు తిరగడం గమనింపదగినది. మొదటి పాఠం చిన్న విషయమని ఆయన అనుకోలేదు.

నేడు బజారులో దొరికే ప్రారంభ పుస్తకాలు పలు రకాలు. అయినా వాటి నిర్మాణం దాదాపు ఒకటే. మొదట నాదము, శ్రుతి, స్వరము, స్థాయి, తాళము అనే పదాలకు ఒక్కొక్క వాక్యంలో నిర్వచనాలు. ఆ పిమ్మట పన్నెండు స్వరస్థానాల పట్టిక, ముప్ఫైఐదు తాళాల పట్టిక, డెబ్బదిరెండు మేళకర్తల పట్టిక. అటుపిమ్మట పాఠాలు. పరీక్షకు ఇది సౌకర్యం. నేర్చుకునే చెవికి మాత్రం ఇది తలకిందుల క్రమం. తీపి రుచి చూడని బిడ్డకు చక్కెర నిర్వచనం చెప్పినట్లుంటుంది.

మొదటి రాగం చెప్పే మాట

సరళీస్వరాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. ఇది పదిహేనవ మేళకర్త. ఇందులో షడ్జమం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ దైవతం, కాకలి నిషాదం ఉంటాయి. ఇంతవరకు ప్రతి పుస్తకమూ చెబుతుంది. మొదటి రాగం ఇదే ఎందుకు కావాలి అని పిల్లలు అడిగితే మాత్రం చాలామంది పెద్దలు పురందరదాసు పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ మాట గౌరవనీయమే, కాని అది సమాధానం కాదు.

సమాధానం రాగం నడకలోనే ఉన్నది. స నుంచి రికి అడుగు అతి చిన్నది, ఒక్క స్వరస్థానమంత. రి నుంచి గకు అడుగు పెద్దది, మూడు స్థానాలంత. గ నుంచి మకు మళ్లీ చిన్న అడుగు. ఇప్పుడు ప దగ్గర నిలిచి చూడండి. ప నుంచి దకు చిన్నది, ద నుంచి నికి పెద్దది, ని నుంచి పైషడ్జానికి చిన్నది. కింది సగమూ పై సగమూ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. స రి గ మ నేర్చిన గొంతుకు ప ద ని స సగం వచ్చినట్లే. పైగా అతి దగ్గరి స్వరాలను, అతి దూరపు స్వరాలను రెండింటినీ మొదటి రోజునే గొంతుకు అలవాటు చేసే రాగమిది. శంకరాభరణంతో ప్రారంభిస్తే అడుగులు చాలావరకు సమంగా సాగి, గొంతు తెలియకుండానే జారిపోయినా చెవి పట్టుకోలేదు. మాయామాళవగౌళలో గురి తప్పితే వెంటనే తెలుస్తుంది. బోధకుని దృష్టితో చూస్తే ఇది చాలా తెలివైన ఎంపిక.

ఈ నాలుగు వాక్యాలను ఎనిమిదేళ్ల బిడ్డకు చెప్పడానికి పది నిమిషాలు చాలు. కీబోర్డు ఉన్న ఇంట్లో మీటలు లెక్కపెట్టి చూపవచ్చు. షడ్జాన్ని ఏ మీట మీద పెట్టినా అడుగుల కొలత మారదని కూడ చూపాలి. రిషభం ఒక మీట పేరు కాదు, షడ్జంతో దానికున్న బంధుత్వం పేరు అని బిడ్డ అప్పుడు గ్రహిస్తుంది. అన్న, వదిన, మేనత్త అనే పిలుపుల వంటివి ఈ పేర్లు. ఎవరి వైపు నుంచి చూస్తున్నామో తెలియనిదే ఆ పిలుపుకు అర్థం లేదు. సంగీతశాస్త్రపు పునాది అంతా ఈ ఒక్క గ్రహింపులో ఉన్నది. మన పుస్తకాలు దానిని విడిచిపెట్టి పట్టికలోకి దూకుతున్నవి.

హిజాజ్ గాలిలో ఆ స్వరాలు

ఇప్పుడు మేము నివసించే నేల విషయం చెప్పాలి. ఎర్రసముద్రపు తీరాన మక్కా, మదీనా, జెడ్డా నగరాలున్న పడమటి ప్రాంతానికి హిజాజ్ అని పేరు. అరబ్బు సంగీతంలో రాగం వంటి వ్యవస్థను మకామ్ అంటారు. మకామ్‌లలో ప్రసిద్ధమైన ఒకదానికి ఈ ప్రాంతం పేరే ఉన్నది. హిజాజ్ మకామ్ మొదటి నాలుగు స్వరాల నడక ఏమిటి? చిన్న అడుగు, పెద్ద అడుగు, మళ్లీ చిన్న అడుగు. మన బిడ్డ పుస్తకం తెరచి పాడే స రి గ మ నడక అదే.

పోలిక అక్కడితో ఆగదు. హిజాజ్ కార్ అనే మకామ్‌లో పై సగం కూడ అదే నడకతో ఉంటుంది. స్వరస్థానాల లెక్కలో అది మాయామాళవగౌళకు సరిపోతుంది. సాధారణ హిజాజ్‌లో పై సగం వేరుగా ఉండి, దాని ఒక రూపం మన పదునాలుగవ మేళకర్త వకుళాభరణంతో కలుస్తుంది. మన పట్టికలో పక్కపక్క ఇళ్లలో ఉన్న రెండు రాగాలు ఇక్కడ కూడ చుట్టాలే. ఇక్కడి పెళ్లి పాటలలో, టాక్సీలోని రేడియోలో ఈ నడక వినిపిస్తూనే ఉంటుంది. ఆజాన్ పిలుపు కూడ తరచుగా ఈ మకామ్ పోకడలో సాగుతుంది. దానిని విశ్వాసులు సంగీతంగా పరిగణించరు. ప్రార్థనకు పిలుపుగానే గౌరవిస్తారు. ఆ భేదాన్ని మనమూ గౌరవించాలి, పిల్లలకూ చెప్పాలి.

పోలిక దొరికింది కదా అని రెండూ ఒకటే అనడం తొందరపాటు. హిజాజ్‌లో రెండవ స్వరాన్ని గాయకులు కొంచెం పైకి, మూడవ స్వరాన్ని కొంచెం కిందికి పట్టి, నడుమ దూరాన్ని తగ్గించి పాడటం వాడుక. మన రాగంలో అంతర గాంధారం దాదాపు నిలకడగా ఉంటుంది, రిషభం గమకంతో కదులుతుంది. అంతేకాక అరబ్బు సంగీతంలోని రాస్త్, బయాతీ వంటి మకామ్‌లలో మన పన్నెండు స్థానాల నడుమ పడే స్వరాలున్నవి. 1932లో కైరో నగరంలో జరిగిన అరబ్బు సంగీత మహాసభలో పండితులు ఈ విషయమై తీవ్రంగా చర్చించారు. స్థాయిని ఇరవైనాలుగు సమభాగాలు చేస్తే గాయకుని గొంతు అందులో ఇముడుతుందా, ఇమడదా అన్నది వారి సమస్య. మనవారు పన్నెండు స్థానాలకు పదహారు పేర్లు పెట్టి, ఆపైన ఇరవైరెండు శ్రుతుల గురించి వాదించుకోవడం కూడ ఇదే సమస్యకు మరొక రూపం. గీసిన గడులలో గొంతు పూర్తిగా కూర్చోదని రెండు సంప్రదాయాలూ గ్రహించాయి. ఈ గ్రహింపు పిల్లలకు శాస్త్రం పట్ల గౌరవాన్ని తగ్గించదు, పెంచుతుంది.

సంగీతశాస్త్రం నేర్వడం ఈ దేశస్థులకు కూడ సులభంగా సమకూరినది కాదు. తాయిఫ్‌కు చెందిన ప్రసిద్ధ స్వరకర్త తారిఖ్ అబ్దుల్ హకీమ్ సైన్యంలో పనిచేస్తూ, శాస్త్రాభ్యాసం కోసం ఈజిప్టు వెళ్లవలసి వచ్చింది. సౌదీ ప్రభుత్వం సంగీత విద్య, వృత్తుల కోసం ప్రత్యేకంగా ఒక కమిషన్‌ను 2020లో స్థాపించింది. మన పిల్లలు పెరుగుతున్న ఈ కాలంలోనే ఇక్కడి పిల్లలకు కూడ స్వరజ్ఞానపు తలుపులు తెరుచుకుంటున్నవి. ఒక అరబ్బు సహపాఠికి మన బిడ్డ స రి గ మ పాడి వినిపిస్తే అతడు తనకు తెలిసిన నడకను అందులో గుర్తుపట్టవచ్చు. అటువంటి గుర్తింపు కలిగించే మొదటి పాఠం మరే విద్యలోనైనా ఉన్నదా?

పట్టికల మోజు

డెబ్బదిరెండు మేళకర్తల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్లల దృశ్యాలను మనం ఆనందంతో ఇతరులకు పంపుతాము. జ్ఞాపకశక్తిగా అది మెచ్చదగినదే. సంగీతజ్ఞానంగా దాని విలువ ఎంత? రిషభ గాంధారాల జంటలు ఆరు, దైవత నిషాదాల జంటలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరును ఆరుతో గుణించి రెట్టిస్తే డెబ్బదిరెండు. గుణకారం తెలిసిన బిడ్డకు ఇది అర్థమవుతుంది. అర్థమైతే పట్టికను తానే తిరిగి కట్టగలదు. పేర్లు మాత్రమే తెలిసిన బిడ్డ ఒక పేరు మరిచిపోతే దారి తప్పుతుంది.

ఇంకొక సంగతి. 17వ శతాబ్దంలో చతుర్దండి ప్రకాశికలో ఈ లెక్క కట్టిన వేంకటమఖి, తన కాలంలో వాడుకలో ఉన్న మేళాలు పందొమ్మిదేనని గుర్తించాడు. పట్టిక కట్టినవానికే అది సాధ్యాసాధ్యాల లెక్క అని తెలుసు. మనం దానిని ప్రవేశద్వారంలో నిలబెట్టాము.

అయితే ఈ పట్టికలో పిల్లలకు పనికివచ్చే ఒక చమత్కారం ఉన్నది. అది కటపయాది సంఖ్య. రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి, తిప్పి చదివితే మేళం సంఖ్య వస్తుంది. ప వర్గంలో మ అయిదవది, య ర ల వ వరుసలో య మొదటిది. మాయా అంటే 51, తిప్పితే 15. వకుళాభరణంలో వ నాలుగు, క ఒకటి. 41ని తిప్పితే 14. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు. 92ని తిప్పితే 29. తెలుగు వర్ణమాల క్రమం తెలియని బిడ్డ ఈ ఆట ఆడలేదు. ఆడాలన్న కోరికతో వర్ణమాల నేర్చిన బిడ్డకు రెండు విద్యలు ఒకేసారి పట్టుబడతాయి. పట్టికలను వాడవలసిన తీరు ఇది.

మాట తెలిస్తే పాట తెలుస్తుంది

ప్రథమాభ్యాసపు పారిభాషిక పదాలలో చాలావరకు ఇంట్లో వాడే తెలుగు మాటలే. జంట అంటే ఇద్దరు కలిసి ఉండటం. సస రిరి గగ మమ అని ప్రతి స్వరం తోడుతో వస్తుంది, రెండవదానిపై ఊనిక పడుతుంది. దాటు అంటే గెంతి పోవడం. మొదటి దాటువరుసలో స తరువాత రి, గలను దాటి మ మీదికి వెళ్తాము. హెచ్చు అంటే పెరగడం, తగ్గు అంటే దిగడం. గమకాల పేర్లలో జారు, నొక్కు ఉన్నవి. జారుడుబల్ల మీద జారిన బిడ్డకు జారు అర్థం చెప్పనక్కరలేదు.

ఇక్కడే తెలుగు ఇళ్లలో ఒక నష్టం జరుగుతున్నది. ఆంగ్ల అక్షరాలతో అచ్చయిన పాఠాలలో దాటు అనే మాటను పిల్లలు ధాతు అని చదువుతున్నారు. అది లోహం పేరో, వ్యాకరణ పదమో అనుకుంటున్నారు. అచ్చమైన తెలుగు మాట పరాయి మంత్రంలా మారిపోయింది. పాఠం పలుకుతున్నారు గాని, పాఠం తమను ఏమి చేయమంటున్నదో వినడం లేదు. తమిళ, కన్నడ దేశాల విద్యార్థులు ఈ తెలుగు పదాలను శ్రమపడి నేర్చుకుంటారు. ఇంట్లోనే అర్థం ఉన్న మన పిల్లలకు ఆ అర్థం అందకపోవడం విచారకరం. కాబట్టి పాఠ్యపుస్తకం తెలుగు లిపిలో ఉండటం అలంకారం కాదు, బోధనకు అవసరం.

తెర మీద తాళం

ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. నాలుగు, రెండు, రెండుగా అవి సాగుతాయి. మొదటి కాలంలో ఆరోహణకు ఒక ఆవర్తం, అవరోహణకు ఒక ఆవర్తం. రెండవ కాలంలో రెండూ ఒకే ఆవర్తంలో ముగుస్తాయి. మూడవ కాలంలో సగం ఆవర్తంలోనే ముగుస్తాయి కనుక రెండుసార్లు పాడితే ఆవర్తం నిండుతుంది. చేతి మీద భిన్నాలు నేర్పే గణితపాఠమిది.

గురువు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి, శిష్యురాలు రియాద్‌లో ఉంటే ఈ పాఠానికి చిక్కులొస్తాయి. రెండున్నర గంటల కాలభేదం పెద్ద ఇబ్బంది కాదు. శుక్ర, శనివారాల సెలవులకు పాఠవేళలు సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది మాట చేరడంలోని ఆలస్యం. ఇద్దరూ కలిసి పాడితే తాళం కలవదు. కనుక గురువు పాడి ఆగడం, శిష్యులు పాడి ఆగడం తప్ప మార్గం లేదు. గురువు గొంతుతో గొంతు కలిపి, తప్పును తెలియకుండానే దిద్దుకునే పద్ధతి ఇక్కడ చెల్లదు. దీనికి తోడు, ఎడతెగక మోగే తంబూర నాదాన్ని సంభాషణ యంత్రాలు అనవసరపు చప్పుడుగా లెక్కించి అణచివేస్తాయి. శిష్యురాలి ఇంట మోగే శ్రుతి గురువుకు వినబడదు. గురువు శ్రుతి ఇక్కడికి చేరదు. చప్పుడును అణచే ఏర్పాటును ఆపివేసి, ఎవరి ఇంట వారు ఒకే శ్రుతిని పెట్టుకోవాలని తల్లిదండ్రులు తెలుసుకోవాలి. తాళం వేసే బాధ్యతను శిష్యులకే అప్పగించాలి. శ్రుతి లేని స్వరం బంధువులు లేని పిలుపు.

ఒక ఆక్షేపణ

ఈ విచారణకు పెద్దలు చెప్పే ఆక్షేపణ బలమైనది. ముందు సాధన, తరువాత వివరణ అని మన పూర్వులు నడిచారు. పసివారికి కారణాలు చెప్పనక్కరలేదు, పాడగా పాడగా అదే తెలుస్తుంది అంటారు. గురుకులం విషయంలో ఆ మాట నిజం. అక్కడ శిష్యుడు పాఠం నేర్చేది ఒక గంటైతే, విన్నది పగలంతా. గురువు సాధన, పెద్ద శిష్యుల వర్ణాలు, వచ్చిపోయే విద్వాంసుల చర్చలు చెవిలో పడుతూ ఉండేవి. మాయామాళవగౌళలో సరళీస్వరాలు పాడే బాలుడు అదే రాగంలోని కీర్తనలను అప్పటికే ఎన్నోసార్లు విని ఉండేవాడు. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు ప్రధానాచార్యులుగా సంగీత కళాశాల ఆరంభమైనప్పుడు కూడ ఆ ఊరి చుట్టూ హరికథలు, భజనలు, కచేరీలు ఉన్నవి.

ప్రథమాభ్యాసం అటువంటి ఇంటి కోసం కూర్చిన గ్రంథం. దానిలో వివరణ లేకపోవడం ఆ ఇంట లోపం కాదు. మా ఇళ్లలో వారానికి రెండు అరగంటల పాఠం, మధ్యలో నిశ్శబ్దం. పుస్తకం మారలేదు గాని దాని చుట్టూ ఉన్న ఇల్లు మారిపోయింది. పూర్వం చెవి చేసిన పనిలో కొంత ఇప్పుడు మాట చేయాలి. మిగిలినది వినికిడే చేయాలి. బిడ్డ పాడే రాగంలోని కీర్తన ఒకటి, త్యాగరాజస్వామి తులసీదళములచే వంటిది, రోజూ ఇంట వినిపించడం తల్లిదండ్రులకు కష్టమైన పని కాదు. మొదటి గీతాలకు వాడే మలహరి కూడ మాయామాళవగౌళకు జన్యమే. ఆరోహణలో గాంధారాన్ని వదలి, నిషాదాన్ని పూర్తిగా విడిచి, ఉన్న కొద్ది స్వరాలతో కొత్త ముఖం ఎలా ధరించిందో చూపితే జనకరాగం, జన్యరాగం అనే మాటలకు నిర్వచనం అక్కరలేదు.

ప్రవాసంలో ఇది కాలంతో పందెం కూడ. ఇక్కడి కుటుంబాలలో చాలామంది పిల్లలు పాఠశాల చదువు ముగియగానే పైచదువులకు దేశం విడిచి వెళ్తారు. ఉద్యోగం ముగిస్తే కుటుంబమే కదలవలసి వస్తుంది. మధ్యలో గురువు మారతారు, పుస్తకం మారుతుంది, కొందరికి పాఠమే ఆగిపోతుంది. అలంకారాల దగ్గర ఆగిపోయిన బిడ్డ చేతిలో ఏమి మిగులుతుంది? పేర్లు మాత్రమే నేర్చి ఉంటే రెండేళ్లలో మరపు వస్తుంది. షడ్జంతో స్వరానికున్న బంధుత్వాన్ని విని గుర్తించడం నేర్చి ఉంటే, ఏ ఊరు వెళ్లినా, ఎవరి పాట విన్నా ఆ బిడ్డ చెవి పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు మళ్లీ మొదలుపెట్టడం కూడ సులభం.

కనుక పిల్లల కోసం సంగీత పుస్తకాన్ని ఎంచుకునే తల్లిదండ్రులకు మా మనవి. పట్టికల సంఖ్యను చూడకండి. మొదటి పాఠం పక్కన మొదటి రాగపు నడక వివరించి ఉన్నదా, పారిభాషిక పదాలు తెలుగు లిపిలో తెలుగు అర్థంతో ఉన్నవా, ప్రతి దశలోనూ ఏమి వినాలో సూచించి ఉన్నదా అని చూడండి. అటువంటి పుస్తకం దొరకకపోతే ఉన్న పుస్తకపు అంచులలో ఆ నాలుగు మాటలు మీరే వ్రాయండి. రేపు ఆ పుస్తకం చెల్లెలి చేతికో, మరో ఊరిలోని మరో బిడ్డ చేతికో వెళ్తుంది.